నాలుగు మూలల పసుపు

వీరేశం కుర్చీలు దించుతున్నాడు. గోడ వారగా మనిషెత్తు పేర్చిన బొత్తుల్లోంచి నిన్నటిదాకా నాలుగేసి దించేవాడు, ఇవాళ రెండేసి దించుతున్నాడు. తప్పు తనది కాదని ఆయన లెక్క. చలికి ఖాళీ హాల్లో రాత్రంతా కూర్చున్న కుర్చీలు ఏదో దండిగా తిని ఒళ్ళు చేశాయి. ఒక వరస పూర్తయ్యాక చివరి కుర్చీ వీపు పట్టుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"మంచిగ తిన్నరు. తినుండ్రి. మోసెటోణ్ణి నేనున్న గద," అన్నాడు కుర్చీలతో.

బయట చలిగాలి కిటికీలను పట్టుకుని ఊపుతోంది. జాన్సన్‌విల్‌లో ఆగస్టంటే నడి చలికాలం, ఆ గాలి మామూలు గాలి కాదు. ఒకసారి ఇంటి ఓనరు కృష్ణారావు ఆరేసిన లుంగీని ఎత్తుకుపోయి, సముద్రం దాటించి దక్షిణ ద్వీపంలో దింపిందనీ, అక్కడొక గొర్రె దాన్ని చుట్టుకుని తిరుగుతుంటే టూరిస్టులు బస్సు ఆపించి ఫొటోలు తీసుకున్నారనీ వీరేశం చెబుతాడు. గొర్రె సంగతేమో గానీ, లుంగీ దొరకని మాట నిజమేనని కృష్ణారావు ఒప్పుకుంటాడు.

వీరేశం పొట్టి మనిషి. ముంజేతుల నిండా తందూరు పొయ్యి కాల్చిన మచ్చలు. నెత్తి మీద వెంట్రుకలు పోయి, చెవుల చుట్టూ మాత్రం తెల్లగా ఒక చుట్టు మిగిలింది. కరీంనగర్ నుంచి మస్కట్, మస్కట్ నుంచి ఇక్కడికి గరిటె పట్టుకునే వచ్చాడు. రెస్టారెంటు మూతపడ్డాక ఈ కమ్యూనిటీ హాల్లో కేర్‌టేకర్ పని దొరికింది. కుర్చీలు వేయడం, తీయడం, వేడినీళ్ళ డబ్బా ఆన్ చేయడం, మీటింగుకు వచ్చిన వాళ్ళు మర్చిపోయిన గొడుగులు దాచడం. పెళ్ళి చేసుకోలేదు. ఇల్లు కొనలేదు. కృష్ణారావు ఇంటి వెనక గదిలో అద్దెకుంటాడు. ఆయన ఒంటి మీద మిగతా ప్రపంచానికి పనికొచ్చేది ఒకటే ఉంది, కుడిచేతి ఉంగరపు వేలు. ఆ గోరు పసుపురంగు ఎన్ని సబ్బులు పెట్టినా పోదు.

పసుపు కథ కృష్ణారావు దగ్గరే మొదలైంది. ఆయన ఇల్లు కొంటూ అప్పు కాగితాలు దేవుడి ముందు పెట్టిన రోజున భార్య ఊళ్ళో లేదు. పసుపు ఎవరు పెట్టాలి? వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతున్న వీరేశాన్ని పిలిచాడు. వీరేశం చేతులు కడుక్కుని నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టి, మళ్ళీ ఉల్లిగడ్డల దగ్గరికి పోయాడు. తర్వాత పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆ వీధిలోని చిమ్నీలన్నీ వంగి నేలకు దండం పెట్టాయట. కృష్ణారావు చిమ్నీ మాత్రం కండువా సర్దుకుని నిలబడిందట. అంతే, వీరేశం హస్తవాసి మంచిదని ఊరంతా పేరయింది. జాన్సన్‌విల్‌లో తెలుగువాళ్ళు ఇల్లు కొంటే బ్యాంకు ఒప్పుకోవాలి, లాయరు ఒప్పుకోవాలి, ఆ పైన వీరేశం వేలు ఒప్పుకోవాలి.

ఈ కాలంలో బ్యాంకు కాగితాలు ఫోన్లోనే పంపిస్తుంది. అయినా మనవాళ్ళు ప్రింటు తీస్తారు. ఫోనుకు పసుపు పెట్టడం కుదరదు. ఒకాయన పెట్టి చూశాడు. చార్జింగు కన్నంలోకి పసుపు పోయి, వారం రోజుల పాటు ఆ ఫోను మోగినప్పుడల్లా మంగళవాయిద్యాలు వినబడ్డాయని వీరేశం చెబుతాడు.

మూడో వరస వేస్తుండగా తలుపు తోసుకుని ఒకావిడ వచ్చింది. పొడుగ్గా ఉంది, మెడలో పచ్చరాయి, చంకలో చుట్టచుట్టిన పెద్ద పెద్ద కాగితాలు. పేరు మిరియమా. ప్రభుత్వ శాఖ మనిషి. ఇంటి అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు ఏమేం చెప్పాలి, డిస్‌క్లోజర్ కాగితంలో ఏది ముందు రాయాలి, ఎంత పెద్ద అక్షరాల్లో రాయాలి అన్న రూల్సు మార్చబోతున్నారు. మార్చే ముందు ఊరూరా తిరిగి జనం మాట వింటున్నారు. పది గంటలకు మీటింగు.

"కియా ఓరా," అని ఈ దేశపు మావోరీ మాటలో పలకరించి, "ఎంతమంది వస్తారంటారు?" అని అడిగింది.

వీరేశం వంటింటి ఇంగ్లీషులో, చాలామంది వస్తారని చెప్పాడు. కుర్చీల ముందు తక్కువ చెబితే అవి నొచ్చుకుంటాయి.

ఆవిడ గోడకు కాగితాలు అంటిస్తుండగానే మళ్ళీ తలుపు తెరుచుకుంది. ఈసారి గాలితో పాటు ముగ్గురు లోపల పడ్డారు. ముందు వర్షిత, కోటు బొత్తాలు పొట్ట మీద కలవడం మానేసి నెలయింది. వెనక ఆమె మొగుడు తరుణ్, చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ వెనక ఫోను చెవికి అంటుకుపోయిన గిరిధర్, వాళ్ళకు అప్పు కుదిర్చిన బ్రోకరు.

"కాకా, జల్ది! తొమ్మిదింటికి ముహూర్తం. లాయరమ్మ మనకోసం ఆఫీసు ముందే తెరిచి కూసున్నది," అన్నాడు తరుణ్.

"ముహూర్తం యాడికి పోతది తీ. పిల్లను కూసోబెట్టు ముందుగాల," అని వీరేశం కుర్చీ ఒకటి లాగాడు.

"నేను బాగానే ఉన్నానండీ అంకుల్. ఈయనే ప్రసవించేలా ఉన్నాడు," అంది వర్షిత.

వాళ్ళిద్దరూ ఆక్లాండ్‌లో చదువుకుంటూ కలిశారు. ఆమెది బెజవాడ, అతనిది కరీంనగర్. ఫ్లాట్లు మారీ మారీ విసిగి, ఈ కొండ మీద, మెట్లెక్కితే గానీ కనబడని చిన్న ఇల్లు ఒకటి ఖాయం చేసుకున్నారు. నవంబరులో కానుపు. ఆ తర్వాత ఆమెకు జీతం రాదు, సెలవు. అందుకే వడ్డీ రెండేళ్ళ పాటు కదలకుండా ఫిక్స్ చేయించుకుంటున్నామని, ఆ రెండేళ్ళు గండం గడిచినట్టేనని, కిందటి ఆదివారం కృష్ణారావు ఇంట్లో పులిహోర తింటూ ఆమె చెప్పడం వీరేశం విన్నాడు.

హాలు వంటగది గట్టు మీద అప్పు కాగితం పరిచారు. తరుణ్ ఫోన్లో తల్లి ఇందిరాదేవిని చూపించాడు. కరీంనగర్‌లో మంచం మీద కూర్చుని, నెత్తిన కొంగు కప్పుకుని, ఆమె చేతులు జోడించే ఉంది.

వీరేశం జేబులోంచి డబ్బా తీశాడు. దగ్గు బిళ్ళల రేకు డబ్బా. మూత సరిగ్గా పడదు, అందుకని రబ్బరు బ్యాండు. లోపల పసుపు. కుళాయి కింద వేళ్ళు తడిపి రెండు చుక్కలు విదిలించి, ఉంగరపు వేలితో మెత్తగా కలిపాడు. కళ్ళు మూసుకుని, వాళ్ళ ఊరి మల్లన్నకు ఏదో చెప్పుకున్నాడు. పై మూల ఎడమన ఒక బొట్టు. కుడిన ఒకటి. కింద ఎడమన ఒకటి. నాలుగో మూలకు వచ్చాక వేలు గాల్లో ఆగిపోయింది.

"బిడ్డా, గీ మూలకేదో రాసున్నది."

"ఏదో ఉంటుందిలెండి వీరేశం గారూ," అన్నాడు గిరిధర్ ఫోను మీద చెయ్యి అడ్డంపెట్టి. "ఆ కాగితాల్లో చీమలన్ని అక్షరాలుంటాయి. మీరు కానివ్వండి, టైమైపోతోంది."

"అక్షరం మీద పసుపెట్ల పెడ్త? పలకకు పెట్టినా చెక్క మీదనే పెడ్తం. ఖాళీ జాగ సూపియ్యి, పెడ్త."

"కాకా, పరవాలేదు, పెట్టు!" అని తరుణ్ బతిమాలాడు.

"నీకు పర్వాలేదు. సదువులతల్లికి?"

వర్షితకు నవ్వొచ్చింది. వేలు ఎక్కడ ఆనించాలో చూపిద్దామని కాగితం దగ్గరికి లాక్కుంది. మూలలో చిన్న డబ్బా గీసి, అందులో ఒక తారీఖు ఉంది. ఆమె నవ్వు అక్కడే ఆగింది.

"తరుణ్. ఇది ఫిబ్రవరి."

"ఏది?"

"వడ్డీ ఫిక్స్ అయిపోయే తారీఖు. రెండేళ్ళు కాదు. ఆరునెలలే వేశారు."

గాలి ఏం జరిగిందో విందామని ఆగినట్టు కిటికీలు ఊగడం మానేశాయి. ఫిబ్రవరి అంటే చంటిబిడ్డ ఒళ్ళో ఉంటుంది, ఆమె జీతం ఉండదు, వాయిదా పెరిగితే ఇల్లు నిలబడదు. గిరిధర్ ఫోను మొదటిసారి చెవి నుంచి ఊడింది. ముందు బ్యాంకును ఆరునెలలకు అడిగి, తర్వాత రెండేళ్ళకు మార్చమన్నాడు. మారిందనుకున్నాడు. మారలేదు.

"సారీ అమ్మా. చూసుకోవాల్సింది నేను. ఇప్పుడే మాట్లాడతాను. ఎంత లేదన్నా మధ్యాహ్నమవుతుంది కొత్త కాగితం రావడానికి."

"మధ్యాహ్నమంటే ముహూర్తం పోతది గదా!" ఫోన్లోంచి ఇందిరాదేవి కేక పెట్టింది. "తరుణూ, సంతకం పెట్టుండ్రి ముందు. తారీఖులు తర్వాత మార్పిచ్చుకోవచ్చు. మల్ల శ్రావణంల ముహూర్తం లేదన్నడు పంతులు."

తరుణ్ భార్య వైపు చూశాడు. "పెట్టేద్దామా? వాళ్ళు మారుస్తమంటున్నరు గద..."

"సంతకం పెట్టాక ఎవరు మారుస్తారు? మార్చకపోతే?" అంది వర్షిత. చేత్తో కాగితాన్ని గట్టు మీద నొక్కి పట్టుకుంది. "నేను పెట్టను. ఇల్లు పోతే పోయింది."

"అట్లనకు బిడ్డా, ఇల్లు నొచ్చుకుంటది," అని వీరేశం పసుపు వేలు పైకెత్తే ఉంచి, ఎడమచేత్తో ఫోను తీసుకున్నాడు. "అక్కా, శనార్థి. నేను వీరేశాన్ని. మా ఊర్ల ఒకాయన సంగతి చెప్త ఇను. ముహూర్తం దాటుతాందని పెండ్లిపిల్ల రాకముందే తాళి కట్టిండు."

"ఎవలకు కట్టిండు?"

"మైకు స్తంభానికి. ఇప్పటికి పండుగ పండుగకు ఆ స్తంభానికి చీర పెడ్తాండ్రు. ఎండాకాలం ఒకసారి పుట్టింటికి తోలుకపోదామని గడ్డపార వట్టుకొని తవ్వుతాంటే కరెంటోళ్ళొచ్చి ఆపిండ్రు."

ఇందిరాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టాలనుకున్నది నవ్వయి బయటికొచ్చింది.

"నీ కతలు నాకాడ గాదు తమ్మీ. నా కొడుకు ఇల్లు."

"నీ కోడలు ఇల్లు గూడ. గది సరే గని, లైటెందుకేసుకున్నవు? నీకాడ తెల్లారలేదా?"

"యాడ తెల్లారుతది? ఇంక కోడి సుత కూయలే. నిద్ర వట్టక లేచి కూసున్న."

"మరి పంతులు పొద్దుగాల తొమ్మిదన్నడట గద. కోడి కూయకముందే తొమ్మిదెట్లయింది?"

తరుణ్ నుదురు కొట్టుకున్నాడు. పంతులు కరీంనగర్‌లో కూర్చుని కరీంనగర్ పంచాంగం చూసి కరీంనగర్ తొమ్మిది చెప్పాడు. కొడుకూ కోడలూ ఇక్కడి గడియారానికి తగిలించుకుని పరుగెత్తుకొచ్చారు.

"అంటే ఇక్కడ మూడున్నర," అంది వర్షిత వేళ్ళు మడిచి.

"నేను మస్కట్ల కొత్తగ ఉన్నప్పుడు గిట్లనే," అన్నాడు వీరేశం. "రాత్రి డ్యూటీ దిగంగనే అమ్మకు ఫోన్ చేసి 'అన్నం తిన్నవా' అంటే, 'ఎప్పుడో తిని పన్నరా' అని తిట్టేది. టైము సంగతి ఆ తిట్లకే నేర్సుకున్న."

"మా వదినను లేపి పంతులును అడిగిస్త ఆగు," అంది ఇందిరాదేవి కొంచెం చిన్న గొంతుతో. ఆ పంతుల్ని నిద్రలోంచి లేపి ఎన్ని తిట్లు తిన్నారో తెలియదు గానీ, కాసేపటికి కబురొచ్చింది. అక్కడి తొమ్మిదే.

అప్పుడు గమనించారు, మిరియమా కాగితాలు అంటించడం ఆపి గట్టు అవతల నిలబడి ఉంది. ఏం జరిగిందని అడిగింది. వర్షిత ఇంగ్లీషులో మొత్తం చెప్పింది, మైకు స్తంభంతో సహా. మిరియమా పసుపు బొట్లున్న కాగితాన్ని ముట్టుకోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చాలాసేపు చూసింది.

"మా అమ్మమ్మ ఏ పని మొదలుపెట్టినా ముందు ప్రార్థన చదివేది. కాగితం మీద సంతకానికైనా సరే," అంది. "ఈయన ఈ మాట మీటింగులో చెబుతారా?"

పదింటికి నలభై కుర్చీల్లోకి ఆరుగురు వచ్చారు. అందులో ఒకాయన మీటింగు కోసం రాలేదు, కిందటి వారం మర్చిపోయిన గొడుగు కోసం వచ్చాడు. అయినా కూర్చున్నాడు. మిరియమా మావోరీ ప్రార్థనతో మొదలుపెట్టింది. వీరేశం టీ కప్పుల వెనక నిలబడి తనూ కళ్ళు మూసుకున్నాడు. మొదలు బాగుందనుకున్నాడు.

వడ్డీ సంగతి ఒకామె మాట్లాడింది. అక్షరాలు చిన్నగా ఉంటాయని ఒక ముసలాయన అన్నాడు. తర్వాత మిరియమా వీరేశాన్ని పిలిచింది. ఆయన ముందుకొచ్చి, తను వేసిన కుర్చీల్లో ఎన్నడూ కూర్చోలేదు కాబట్టి కూర్చోకుండానే నిలబడ్డాడు. వర్షిత పక్కన నిలబడి ఒక్కో మాటా ఇంగ్లీషులోకి దించింది.

"కాగితం నాలుగు మూలలు ఖాళీగ ఉంచుండ్రి. మావోళ్ళు పసుపు పెట్టుకుంటరు. మూలకు రాస్తే పసుపు కిందికి పోతది, ఎవలకు కనవడది. అసలు ముచ్చట ఉన్నదనుకో, గది నడిమిట్ల రాయుండ్రి, పీటల మీద పెండ్లిపిల్లను కూసోవెట్టినట్టు. అందరు ఆమెనే సూస్తరు."

గొడుగాయన చప్పట్లు కొట్టాడు. మిరియమా చివరి మాట రెండోసారి చెప్పించుకుని రాసుకుంది. పేరు అడిగి, స్పెల్లింగు అడిగి, అదీ రాసుకుంది. ఆ రూల్సు ఎప్పటికి మారతాయో, అందులో నాలుగు మూలలు ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు. కానీ వీరేశం ఆ పూటంతా కప్పులు కడుగుతూ, ప్రభుత్వం తన మాట రాసుకుందన్న సంగతి ఒక్కో కప్పుకూ విడివిడిగా చెప్పాడు. ఆరు కప్పులే గానీ కడగడానికి గంట పట్టింది.

మూడు దాటాక కొత్త కాగితం వచ్చింది. బ్యాంకు వాళ్ళ డబ్బా ఇంకా ఆ మూలలోనే ఉంది. వర్షిత పక్కనున్న లైబ్రరీకి వెళ్ళి, ఆ కాగితాన్ని కాస్త చిన్నది చేసి ప్రింటు తీయించింది. నాలుగు పక్కలా రెండేసి వేళ్ళ ఖాళీ వచ్చింది. గట్టు మీద పెట్టి, పసుపు పెట్టేముందు కాగితమంతా పైకి చదివింది. అర్థమయ్యేట్టు తెలుగులో కూడా చెబుతూ చదివింది. వీరేశం చేతులు కట్టుకుని వ్రతకథ విన్నట్టు విన్నాడు. మూలలో తారీఖు రెండేళ్ళ అవతలిది వచ్చినప్పుడు "ఆఁ" అన్నాడు. గిరిధర్ ఫోను జేబులో పెట్టుకుని, తనూ "ఆఁ" అన్నాడు.

అప్పుడు వీరేశం నాలుగు బొట్లు పెట్టాడు. నాలుగూ ఖాళీ జాగాలోనే పడ్డాయి. కరీంనగర్‌లో కోళ్ళు కూసి, తెల్లారి, సరిగ్గా తొమ్మిది.

లాయరు ఆఫీసు రోడ్డవతలే. సంతకాలయ్యాక ఇద్దరూ కోవాబిళ్ళలు తీసుకుని పరుగులాంటి నడకతో తిరిగొచ్చారు. వీరేశం కుర్చీలు ఒక్కొక్కటిగా పేరుస్తున్నాడు. తరుణ్ మిగిలినవన్నీ పేర్చేశాడు, ఒక్కటి తప్ప. దాన్ని వీరేశం పేర్చనివ్వలేదు.

"గది ఉండని. ఇయ్యాల జర కూసుంట."

"ఎందుకు కాకా, ఒంట్ల బాలేదా?"

"నాకేమైంది? కుర్చీలకే బరువెక్కింది." కోవాబిళ్ళ నోట్లో వేసుకున్నాడు. పసుపు డబ్బా రబ్బరు బ్యాండు తీసి చూసుకుని, మళ్ళీ వేసి, వర్షిత చేతిలో పెట్టాడు. "గృహప్రవేశం దాక నీకాడనే ఉంచు. ఆనాడు గడపకు నేనే వచ్చి పెడ్త. మెట్లు దండిగున్నయంటివి, నన్ను మోసుకపోను నలుగురిని మాట్లాడు."

"మీరొస్తానంటే మెట్లే కిందికి దిగొస్తాయి అంకుల్," అంది వర్షిత.

"ఇగో, కతలు చెప్పుడు నీకు సుత వచ్చింది," అని నవ్వాడు.

వాళ్ళు వెళ్ళాక టీ కలుపుకుని, కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆ హాల్లో ఆయన కూర్చోవడం అదే మొదలు. కిటికీలోంచి కొండ కనబడుతోంది. ఇళ్ళలో దీపాలు ఒక్కోటే వెలుగుతున్నాయి. అది కృష్ణారావుది. ఆ పక్కది, ఆ పైది, ఆ మలుపు దగ్గరిది, అన్నిటి కాగితాల మీదా ఆయన వేలు ఉంది. పైన చివర్లో ఒకటి ఇంకా చీకటిగా ఉంది. దాంట్లో దీపం ఎట్లా వెలుగుతుందో ఊహించుకుంటున్నట్టు అటే చూస్తూ కూర్చున్నాడు. గాలి తగ్గింది.

సాయంత్రం యోగా క్లాసు వాళ్ళు వచ్చారు. కిటికీ దగ్గర కేర్‌టేకర్ నిద్రపోతున్నాడని, ఆయన్ను లేపడం ఇష్టం లేక, బూట్లు చేత్తో పట్టుకుని నడిచారు. చాపలు చప్పుడు కాకుండా పరిచారు. క్లాసంతా టీచరు గుసగుసగానే చెప్పింది. అయిపోయాక వెళ్తూ చలేస్తుందని ఆయన మీద శాలువా కప్పబోయి, చల్లబడ్డ చెయ్యి తగిలి, అప్పుడు తెలుసుకుంది. ఒళ్ళో కప్పు ఒలకలేదు. మూతికి కోవా అంటుకుని ఉంది.

నెల తర్వాత గృహప్రవేశానికి ఊరంతా ఆ మెట్లెక్కింది. కృష్ణారావు మధ్యలో ఆగి, వీరేశం ఈ మెట్ల గురించి ఏమని చెప్పేవాడో తలా ఒక మాట చెప్పమన్నాడు. పైకి చేరేసరికి ఆ మెట్లు ఆకాశం దాకా పోయి, అక్కడ టీ తాగి తిరిగొచ్చాయి. అందరూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

ఇందిరాదేవి ఫోన్లోంచి చూస్తోంది. గడపకు పసుపు పెట్టడానికి వర్షిత రేకు డబ్బా తెరిచింది. ఆనాడు తడిపి కలిపిన పసుపు గట్టిగా ఎండిపోయింది. నడుమ ఆయన వేలు ముంచిన గుంట, గోరు గీతతో సహా, అచ్చు వేసినట్టు ఉంది.

"కానియ్యి బిడ్డా," అంది ఇందిరాదేవి మెల్లగా.

వర్షిత గుంట జోలికి పోకుండా, అంచు దగ్గర గోటితో కాస్త గీరి, నీళ్ళు కలిపి గడపకు రాసింది. తర్వాత మూత పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, దాన్ని వంటింటి కిటికీలో పెట్టింది. అక్కణ్ణుంచి చూస్తే కింద హాలు పైకప్పు కనబడుతుంది. మూత సరిగ్గా పడని ఆ దగ్గు బిళ్ళల డబ్బాలో, పసుపు నడుమ ఒక వేలు పట్టేంత ఖాళీ అలాగే ఉంది.